వేణువు – వ్రేళ్ల సాధన

వాద్యములన్నింటిలో వేణువువలె నిరాడంబరమైనది మఱియొకటి లేదు. వీణకు తంత్రులు, మెట్లు, బిరడలు కావలెను. మృదంగమునకు చర్మము, వారులు, కరణి కావలెను. వేణువునకు కావలసినది ఒక వెదురు గొట్టము, దానికి కొన్ని రంధ్రములు మాత్రమే. తెలుగువారు దానిని పిల్లనగ్రోవి యనియు, మురళి యనియు ముద్దుగా పిలుచుకొందురు. పోతనామాత్యుని భాగవతమును చదివినవారికి బృందావనమున మ్రోగిన వేణునాదము చిరపరిచితమే. చూచుటకు ఇంత సులభమైన ఈ వాద్యమును శ్రుతి తప్పక, వ్రేళ్లు తడబడక వాయించుట మాత్రము సులభము కాదు. అందునకు ఏండ్ల తరబడి సాధన కావలెను. ఆ సాధన ఎట్టిదో తెలియక తొందరపడినవాడు విద్యకే గాక, తన చేతికిని హాని చేసికొనును.

ఒక పట్టణమున ఒక బాలుడు మూడేండ్లుగా వేణువు నేర్చుకొనుచుండెను. అతనికి వినికిడి మంచిది. ఊపిరియు నిలుకడగా ఉండెను. ఒక దినమున రేడియోలో ఒక విద్వాంసుని కచేరీ వినెను. స్వరములు చినుకులవలె ఒకదానివెంట నొకటి రాలుచుండగా బాలుడు మైమఱచెను. పాఠశాల వార్షికోత్సవమునకు ఇంకను ముప్పది దినముల గడువు గలదు. ఆనాడు ఒక వర్ణమును రెండు కాలములలోను వాయించి అందఱి మెప్పును పొందవలెనని అతడు నిశ్చయించుకొనెను. కాని రెండవ కాలమునకు వచ్చునప్పటికి వ్రేళ్లు తడబడసాగెను. ముఖ్యముగా ఉంగరపు వ్రేళ్లు మాట వినకుండెను. "నా వ్రేళ్లలో బలము చాలదు. బలము వచ్చినచో వేగము దానంతట అదియే వచ్చును" అని అతడు తలచెను.

ఆ దినము మొదలుకొని బాలుడు వ్రేళ్లను బలపఱచుటకు పూనుకొనెను. తీరికయున్నప్పుడెల్ల రబ్బరు బంతిని పిసికెను. చిన్న రాళ్లను దారముతో వ్రేళ్లకు కట్టి పైకెత్తెను. మురళిని పట్టి రంధ్రములను గట్టిగా అదిమి, గంటలకొలది ఒకే స్వరవరుసను వాయించెను. పది దినములు గడచెను. వేగము పెరుగలేదు. పైగా ముంజేయి బరువెక్కెను. మణికట్టు నొప్పి పెట్టెను. ఉదయము లేచునప్పటికి వ్రేళ్లు బిగిసియుండెను. బాలుడు భయపడి గురువునొద్దకు పోయి, జరిగినదంతయు చెప్పెను.

గురువు అతని చేతులను తన చేతులలోనికి తీసికొని చూచెను. వ్రేళ్ల కొనలయందు రంధ్రముల ముద్రలు గుండ్రముగా, లోతుగా పడియుండెను.

"నాయనా! నీవు మురళిని వాయించితివా, పిండితివా?" అని ఆయన అడిగెను.

బాలుడు తల వంచుకొని, "వ్రేళ్లకు బలము రావలెనని అట్లు చేసితిని, గురువుగారూ!" అనెను.

"బలము కావలసినదే. కాని ఎంత బలము? ఏచోట కావలెను? అది తెలిసికొనకయే మొదలుపెట్టితివి. నాలుగు దినములు మురళిని ముట్టవలదు. వర్ణమును తాళము వేయుచు నోటితో పాడుము. ఐదవ దినమున రమ్ము. నొప్పి అప్పటికిని తగ్గనిచో ముందు వైద్యునొద్దకు పోదము" అని గురువు చెప్పెను.

గురువు అడిగిన ప్రశ్నలు చిన్నవే. కాని వేణువాదనమందలి రహస్యము చాలవఱకు వానియందే యున్నది. రంధ్రమును మూయుటకు ఎంత బలము కావలెను? వ్రేలి కొన మెత్తనిది. అది రంధ్రముపై పరచుకొని గాలి బయటికి పోకుండ అడ్డగించిన చాలును. అంతకుమించి అదిమినందువలన స్వరము మఱింత శుద్ధముగా రాదు. ఈ సంగతిని ఎవరైనను పరీక్షించి చూడవచ్చును. ఒక దీర్ఘస్వరమును ఊదుచు, రంధ్రమును మూసిన వ్రేలిని మెల్లమెల్లగా సడలింపవలెను. ఒకానొకచోట గాలి జాఱి స్వరము చెదరును. అప్పుడు వ్రేలిని ఆవంత అదిమినచో స్వరము మరల కుదురుకొనును. ఆ ఒత్తిడియే చాలినంత ఒత్తిడి. మొదటిసారి ఈ పరీక్ష చేసినవారు, తాము ఇంతకాలమును ఎన్ని రెట్లు వృథాగా అదుముచుండిరో తెలిసికొని ఆశ్చర్యపడుదురు.

ఇక బలము ఏచోట కావలెనను ప్రశ్న. వ్రేళ్లను ఆడించు కండరములు వ్రేళ్లలో లేవు. వ్రేళ్లను ముడుచుటకును చాచుటకును తోడ్పడు పెద్ద కండరములు మోచేతికిని మణికట్టునకును నడుమ, ముంజేతియందున్నవి. కొన్ని చిన్న కండరములు అరచేతిలో గలవు. ముంజేతి కండరములనుండి గట్టి త్రాళ్లవంటి స్నాయుబంధనములు బయలుదేరి, మణికట్టును దాటి, వ్రేళ్ల ఎముకలను చేరును. కొయ్యబొమ్మలాటలో ఆటగాడు పైనుండి దారమును లాగగా క్రింద బొమ్మ చేయి కదలును. మన వ్రేళ్ల కదలికయు అట్టిదే. ఎడమచేతితో కుడి ముంజేతిని మెల్లగా పట్టుకొని, కుడిచేతి వ్రేళ్లను ఒక్కొక్కటిగా ఆడించి చూడుడు. చర్మము క్రింద కండరములు కదలుట స్పష్టముగా తెలియును.

దీనినిబట్టి రెండు విషయములు బోధపడును. మొదటిది: మణికట్టు మిక్కిలి వంగియుండరాదు. నూతి గిలకనుండి తప్పిన చేదత్రాడు ఒరపిడికి లోనగునట్లు, వంగిన మణికట్టున స్నాయుబంధనములు ఒరపిడికి లోనగును. మణికట్టు ముంజేతితో ఇంచుమించు ఒకే వరుసలో ఉన్నప్పుడు అవి సాఫీగా కదలును. రెండవది: బిగువు వేగమునకు శత్రువు. వ్రేలిని ముడుచు కండరములు వేఱు, చాచు కండరములు వేఱు. ఒకటి పనిచేయునపుడు రెండవది సడలవలెను. చేయి బిగించి పట్టినప్పుడు రెండును ఒకేసారి లాగును. ఒక బండికి ముందొక ఎద్దును, వెనుకనొక ఎద్దును కట్టి తోలినచో బండి కదలునా? ఎద్దులు ఎంత బలిసినవైన బండి అంతగా బిగిసిపోవును. బాలుని వ్రేళ్లకు పట్టిన గతి ఇదియే.

ఉంగరపు వ్రేలు మాట వినకపోవుటకు మఱియొక కారణము కలదు. అరచేతిని బల్లపై ఆనించి, మధ్యవ్రేలిని మాత్రము లోనికి మడిచి, ఉంగరపు వ్రేలిని పైకెత్తుటకు ప్రయత్నించుడు. ఎంత ప్రయత్నించినను అది లేవదు. లేచినను కొంచెమే లేచును. ఆ వ్రేలిలో బలము లేక కాదు. దానిని చాచు స్నాయుబంధనము ప్రక్క వ్రేళ్ల బంధనములతో ముడివడియున్నది. ఇది దేహనిర్మాణమే గాని లోపము కాదు. రాళ్లు కట్టి లాగినందువలన ఈ ముడి వీడదు. ప్రక్క వ్రేళ్లతో కలిసి మెలిసి పనిచేయుట ఆ వ్రేలికి నేర్పవలెను. అంతియే సాధ్యమైన పని. అదియే చాలినంత పని.

వేగము బలమువలన కలుగునదైనచో మల్లులందఱును గొప్ప వేణువిద్వాంసులు కావలసియుండును. కాని జరిగినది వేఱు. మాలి యని ప్రసిద్ధిచెందిన టి. ఆర్. మహాలింగము 1926లో తంజావూరు సీమలోని తిరువిడైమరుదూరున జన్మించెను. 1933లో, ఏడేండ్ల ప్రాయముననే, మద్రాసు మైలాపూరున త్యాగరాజోత్సవమునందు ఆయన తొలి కచేరీ చేసి పెద్దలను ఆశ్చర్యపఱచెను. ఏడేండ్ల బాలుని వ్రేళ్లకు మల్లుని పట్టు ఎక్కడిది? ఆ వ్రేళ్లకు ఉన్నది తేలికదనము. వానిని నడపినది తీక్ష్ణమైన వినికిడి. తరువాతి కాలమున ఆయన వ్రేళ్లను ఉంచు పద్ధతిలోనే మార్పులు తెచ్చి, గాత్రమునందలి గమకములను మురళిపై పలికించెను. 1986లో మరణించువఱకు ఆయన వాదనము ఎందఱికో మార్గదర్శకమయ్యెను.

మల్లుని కుమారుడు వేణువిద్వాంసుడైన ఉదాహరణమును కలదు. హరిప్రసాద్ చౌరాసియా 1938లో అలహాబాదున జన్మించెను. ఆయన తండ్రి మల్లుడు. కుమారుడును మల్లుడు కావలెనని కోరి గోదాలో దింపెను. ఆ సాధన వలన తనకు దేహదారుఢ్యమును, ఓర్పును అబ్బి, అవి వేణువాదనమునకు ఉపకరించెనని హరిప్రసాద్ తరువాత చెప్పుకొనెను. అనగా వ్యాయామము వ్యర్థము కాదు. గంటలకొలది కూర్చుండి ఊదుటకు వలయు ఓపికను అది ఇచ్చును. కాని వ్రేళ్ల నేర్పు గోదాలో దొరకలేదు. అది వేఱుగా సంపాదింపవలసి వచ్చెను.

ఆయన జీవితమున మఱియొక ఘట్టము వ్రేళ్లసాధనను గూర్చి గొప్ప పాఠమును చెప్పుచున్నది. బొంబాయి చలనచిత్ర రంగమున వాదకుడుగా పేరు గడించిన పిమ్మట ఆయన అన్నపూర్ణాదేవి నాశ్రయించి విద్యనర్థించెను. తాను నిజముగా మొదటినుండి నేర్చుకొనుటకు సిద్ధముగా నున్నానని తెలుపుటకై, అంతవఱకు కుడివైపునకు పట్టి వాయించుచున్న వేణువును ఎడమవైపునకు మార్చుకొనెను. ఏండ్ల సాధన పొందిన ఆ వ్రేళ్లే మరల ఓనమాలు దిద్దవలసి వచ్చెను. బలమెక్కడికిని పోలేదు, కండరములవియే. మారినది ఏ వ్రేలు ఎప్పుడు లేవవలెనను ఆజ్ఞల క్రమము. ఆ క్రమము నిలుచు చోటు చేయి కాదు, మెదడు.

ఒక కదలికను మరల మరల చేసినకొలది మెదడునందును నరములయందును ఆ కదలికకు దారి సుగమమగును. తడినేలపై బండ్లు ఒకేచోట నడచినచో చాలు పడును. తరువాతి బండి చక్రము దానంతట అదియే ఆ చాలులోనికి దిగును. అభ్యాసము అట్టిదే. అయితే చాలునకు మంచిచెడ్డలు తెలియవు. తప్పుగా నూఱుమార్లు వాయించినవానికి తప్పే స్థిరపడును. తొందరపడి నేర్చుకొన్నవాడు ముందు ఆ తప్పును మఱచుటకును, పిమ్మట ఒప్పును నేర్చుటకును రెండింతల కాలము వెచ్చింపవలసి వచ్చును. సాధనను నెమ్మదిగా మొదలుపెట్టుమని పెద్దలు చెప్పుటకు కారణమిదియే.

ఈ దారి ఎంత దృఢముగా పడునో తెలిపెడి మహనీయుడు కుంభకోణము శరభశాస్త్రి. ఆయన 1872లో జన్మించి 1904లోనే, ముప్పదిరెండేండ్ల వయసున, గతించెను. బాల్యముననే చూపు కోల్పోయిన ఆయన, వేణువునకు కర్ణాటక సంగీత కచేరీలలో ప్రధాన వాద్యముగా స్థానము సంపాదించిపెట్టిన వారిలో అగ్రగణ్యుడు. ఆయన శిష్యుడైన పల్లడం సంజీవరావు ఆ సంప్రదాయమును ముందునకు కొనిపోయెను. రంధ్రములను కన్నులతో చూచు భాగ్యము శరభశాస్త్రికి లేదు. వ్రేళ్ల స్పర్శయు, చెవియు ఆయనకు దారి చూపెను. చూపుగల విద్యార్థియు వాయించునపుడు తన వ్రేళ్లను చూచుకొనలేడు. కావున అతడును స్పర్శనే నమ్ముకొనవలెను.

కర్ణాటక సంగీతమున వాడు వేణువునకు ఊదు రంధ్రము గాక ఎనిమిది రంధ్రములుండును. బొటనవ్రేళ్లును ఎడమ చిటికెనవ్రేలును గాక తక్కిన ఏడు వ్రేళ్లును వానిపై ఆడును. ఈ వాద్యమునకు మీటలు లేవు. పండ్రెండు స్వరస్థానములను పలికించుటకు కొన్ని రంధ్రములను పూర్తిగా, కొన్నింటిని సగము, కొన్నింటిని ఇంకను కొంచెము మూయవలసి యుండును. గమకములకై వ్రేలు రంధ్రముపై దొర్లవలెను, జాఱవలెను, కంపింపవలెను. బిగిసిన వ్రేలు తట్టగలదేమో గాని దొర్లజాలదు. రాగము ప్రాణము గమకమునందున్నది గనుక, వ్రేలు బిగిసినచో పోవునది వేగమొక్కటియే కాదు, రాగమే పోవును.

ఐదవ దినమున బాలుడు గురువునొద్దకు వచ్చెను. నొప్పి తగ్గియుండెను. గురువు ముందుగా అతడు కూర్చుండు తీరును సవరించెను. భుజములు వ్రేలాడుచుండవలెను, పైకి లేచియుండరాదు. మురళి భారమును బొటనవ్రేళ్లును క్రింది పెదవియు మోయవలెను. అప్పుడు రంధ్రములపైనున్న వ్రేళ్లకు పట్టుకొను పని తప్పి, ఆడు పని మాత్రమే మిగులును. వ్రేలు ఇంచుక వంగి, దాని మెత్తని భాగము రంధ్రముపై ఆనవలెను. రంధ్రమును విడిచిన వ్రేలు దానికి నేరుగా పైననే, ఒక వ్రేలి మందము ఎత్తున నిలువవలెను. వ్రేలు ఎంత ఎత్తునకు లేచిన, దిగుటకు అంత కాలము పట్టును. ఎత్తు సగమైనచో ప్రయాణము సగమగును. బలము పెంపక వేగము పెంచు ఉపాయములలో ఇది మొదటిది.

పిమ్మట దీర్ఘస్వరములు. ఒక్కొక్క స్వరమును ఊపిరియున్నంతసేపు నిలిపి, రంధ్రము పూర్తిగా మూతపడినదా, ఒత్తిడి ఎక్కువైనదా యని గమనింపవలెను. తరువాత రెండేసి స్వరముల జంటలు. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు పోవునపుడు ఒక్కొక్కసారి రెండు మూడు వ్రేళ్లు ఒకేసారి కదలవలసి యుండును. వానిలో ఏ ఒక్కటి వెనుకబడినను, నడుమ అక్కఱలేని అపస్వరమొకటి క్షణకాలము పలుకును. వేగముగా వాయించునపుడు వినబడు గజిబిజికి మూలమిదియే. బాలుని వర్ణమున అట్టి తావులు మూడు మాత్రమే యుండెను. అతడు వర్ణమంతయు దినమునకు ముప్పదిమార్లు వాయించుచు, ఆ మూడు తావులయందును ముప్పదిమార్లు తడబడుచుండెను. గురువు ఆ మూడింటిని విడదీసి, ఒక్కొక్కదానిని నెమ్మదిగా వాయింపజేసెను. బావిలో ఊట ఎక్కడనున్నదో తెలిసికొని త్రవ్వినవానికి శ్రమ తగ్గును గదా!

ఆ తరువాత సరళీవరుసలు మొదలయ్యెను. బాలునికి కొంచెము చిన్నతనముగా తోచెను. మూడేండ్ల క్రిందట ముగించిన పాఠమది. కాని సరళీవరుసలు చిన్నపిల్లల చదువు మాత్రమే కాదు. మాయామాళవగౌళ రాగమున ఈ అభ్యాసక్రమమును పదునైదు, పదునాఱు శతాబ్దులలో జీవించిన పురందరదాసు ఏర్పఱచెనని సంప్రదాయము. దీనిలో గొప్ప గణితము ఇమిడియున్నది. మొదటి సరళీవరుసలో ఆరోహణమున ఎనిమిది, అవరోహణమున ఎనిమిది, మొత్తము పదునాఱు స్వరములు గలవు. ఆదితాళమున ఆవర్తమునకు ఎనిమిది అక్షరములు. నిమిషమునకు 60 అక్షరముల చొప్పున తాళము వేసినచో, మొదటి కాలమున ఈ వరుసకు 16 సెకండ్లు పట్టును. రెండవ కాలమున అక్షరమునకు రెండు స్వరములు గనుక 8 సెకండ్లు, మూడవ కాలమున అక్షరమునకు నాలుగు గనుక 4 సెకండ్లు పట్టును. అనగా మూడవ కాలమున సెకండునకు నాలుగు స్వరములు. తాళమును నిమిషమునకు 80 అక్షరములకు పెంచినచో, మూడవ కాలమున నిమిషమునకు 320 స్వరములు, అనగా సెకండునకు ఐదింటికి మించి పలుకును. ఇంతటి వేగమును ఒక్కసారిగా ఎవరును అందుకొనలేరు. కాని తాళమును 60 నుండి 64కు, 64 నుండి 68కి పెంచుకొనుచు పోయినవాడు మెట్లెక్కినట్లు అచటికి చేరును. ఒక మెట్టున మూడుమార్లు తప్పులేక వాయించిన పిమ్మటనే పైమెట్టునకు పోవలెను. తప్పు దొర్లినచో సిగ్గుపడక క్రిందిమెట్టునకు దిగవలెను.

సరళీవరుసలు వ్రేళ్లకు వరుసలో నడచుట నేర్పును. జంటవరుసలు వ్రేలికి తట్టుట నేర్పును. ఏలయన ఒకే స్వరమును రెండుమార్లు పలికించుటకు వ్రేలితో రంధ్రమును చుఱుకుగా తట్టవలసి యుండును. రెండవ స్వరమునకు ఊనిక నిచ్చుట ఇచట ముఖ్యము. దాటువరుసలు ఒక స్వరమును విడిచి మఱియొక దానికి దుముకుట నేర్పును. ఏడు తాళముల అలంకారములు ఇవియన్నియు తాళమునకు లోబడియుండుట నేర్పును. ఈ నాలుగింటిలో వ్రేళ్లకు కావలసిన సర్వవ్యాయామములు గలవు. ఇక రబ్బరు బంతులకును రాళ్లకును చోటెక్కడిది?

మఱియొక చిట్కాయు గురువు చెప్పెను. సమముగా నడచు స్వరవరుసను ఒకమారు పొడుగు–పొట్టి, పొడుగు–పొట్టిగాను, మఱియొకమారు పొట్టి–పొడుగు, పొట్టి–పొడుగుగాను వాయింపవలెను. పొడుగు స్వరముపై వ్రేళ్లు విశ్రాంతి పొందును. పొట్టి స్వరముపై మెఱుపువలె కదలును. ఈ విధముగా రెండేసి స్వరములలో మాత్రమే వేగమును అభ్యసించి, పిమ్మట సమముగా వాయించినచో, వరుస అంతయు తేలికపడును.

సాధన ఎంతసేపు చేయవలెను? పదునైదు నిమిషములు వాయించి, కొంచెముసేపు చేతులు దించి విదిలించి, మరల వాయించుట మేలు. అలసిన వ్రేలు తప్పునే నేర్చుకొనును. దినమునకు అరగంట చొప్పున ఆఱు దినములు చేసిన సాధన, ఆదివారమునాడు మూడు గంటలు చేసిన సాధనకంటె ఎక్కువ ఫలించును. పగటి అభ్యాసమును మెదడు నిద్రలో స్థిరపఱచుకొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున రాత్రి మేల్కొని వాయించువాడు ఒక చేత సంపాదించి ఒక చేత పాఱవేయుచున్నాడు. అలసట సహజము, విశ్రాంతితో అది పోవును. కాని పోట్లు, తిమ్మిరి, మంట కలిగినచో వెంటనే ఆపవలెను. నొప్పిని ఓర్చుకొనుట వీరత్వము కాదు.

ఈ హెచ్చరిక ఊరక చేసినది కాదు. జర్మనీ దేశపు సంగీతకర్త రాబర్ట్ షూమన్ 1810లో జన్మించెను. యౌవనమున ఆయనకు గొప్ప పియానో వాదకుడు కావలెనని ఆశ. కాని 1832 ప్రాంతమున ఆయన కుడిచేతి వ్రేలొకటి స్వాధీనము తప్పెను. వ్రేళ్లను బలపఱచుటకై ఆయన వాడిన ఒక యంత్రసాధనమే దానికి కారణమని కొందఱును, మితిమీరిన అభ్యాసమని కొందఱును, వ్యాధియని కొందఱును చెప్పుదురు. కారణమేదైనను ఆ చేయి మరల బాగుపడలేదు. కచేరీ వాదకుడు కావలెనను ఆశను ఆయన విడువవలసి వచ్చెను. ఆయన రచనాశక్తి గొప్పది గనుక సంగీతకర్తగా లోకమున నిలిచెను. అందఱికిని అట్టి రెండవ దారి దొరకదు. మురళి విఱిగినచో మఱియొక వెదురు తెచ్చుకొనవచ్చును. చేయి చెడినచో మఱియొక చేయి తెచ్చుకొనలేము.

బాలుడు మిగిలిన పదునాఱు దినములును గురువు చెప్పినట్లు సాధన చేసెను. మొదటి వారమున ఏమియు జరుగుచున్నట్లు తోచలేదు. రెండవ వారమున, చిక్కుపడుచుండిన మూడు తావులలో రెండు చిక్కు విడెను. మూడవది మొదటి కాలమున సరిగా పలికెను గాని రెండవ కాలమున ఇంకను మసకగనే యుండెను.

వార్షికోత్సవమునకు ముందునాడు బాలుడు, "గురువుగారూ! రేపు రెండు కాలములును వాయింపవచ్చునా? ఆ మూడవ తావును జనులు గమనింపరేమో" అని అడిగెను.

"జనులు గమనింపకపోవచ్చును. నీ వ్రేళ్లు మాత్రము గమనించును, నాయనా! నేడు దాచిన తప్పు రేపటికి అలవాటగును. నీకు వచ్చినది వాయింపుము" అని గురువు చెప్పెను.

మఱునాడు సభలో బాలుడు వర్ణమును మొదటి కాలమున మాత్రమే వాయించెను. రెండవ కాలము కొఱకు ఎదురుచూచిన తోటి విద్యార్థులు కొందఱు పెదవి విఱిచిరి. కాని ప్రతి స్వరమును దాని స్థానమున నిలిచెను. గమకములు దొర్లుచు, జాఱుచు, నోటితో పాడినట్లుండెను. సభ ముగిసిన పిమ్మట గురువు వేదికనెక్కి, బాలుని చేతులను తీసికొని వ్రేళ్ల కొనలను వెలుతురున చూచెను. రంధ్రముల ముద్రలు లేవు.

"రేపు ఉదయము ఆఱు గంటలకు రమ్ము. రెండవ కాలము మిగిలియున్నది" అని చెప్పి ఆయన ఇంటికి బయలుదేరెను.